నార కట్టిన కారు

కళ్ళజోడును తలకిందులుగా పెట్టుకుంటే తప్ప కారు కింద ఏమీ కనిపించని వయసు ఒకటి వస్తుంది. నవ్వకండి, మీకూ వస్తుంది. దగ్గరి చూపుకూ దూరపు చూపుకూ ఒకే అద్దం వాడేవాళ్ళకు దగ్గరి చూపు ముక్క కింది అంచున ఉంటుంది. పుస్తకం చదువుకోవడానికి అది బాగానే ఉంటుంది. వెల్లకిలా పడుకుని ముక్కుకు ఆనుతున్న బోల్టును చూడాలంటే మాత్రం ఆ ముక్క గడ్డం వైపు పోతుంది, కళ్ళ ముందు దూరపు చూపు మిగులుతుంది. ఈ సంగతి తెలుసుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది. అప్పటిదాకా ఈ మధ్య బోల్టులే సరిగా తయారు చేయడం లేదనుకున్నాను.

నేను మెకానిక్‌ను కాను. ఆరోగ్యశాఖలో నర్సుగా చేరి, సూపర్‌వైజర్‌గా రిటైరైన ఆడమనిషిని. ఇప్పుడు వైరాలో ఉంటున్నాను. కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడు వచ్చి, "మేడం, మీ సర్వీసులో మర్చిపోలేని కేసు ఏదన్న చెప్పండి" అని అడుగుతారు. పాముకాట్లు, కాన్పులు, మలేరియాలు చెబుతానని ఎదురుచూస్తారు. నాకు ముందుగా గుర్తొచ్చే కేసు మా కారుది.

అది సెకండ్ హ్యాండ్‌లో కొన్న చిన్న తెల్ల కారు. నేను డ్యూటీకి తిరిగే ఊళ్ళు చండ్రుగొండ దాటి అడవిలోకి ఉండేవి. బస్సు వెళ్ళని చోటికి కారు వెళ్ళేది, కారు వెళ్ళని చోటికి నేను నడిచేదాన్ని. దారిలో చెడిపోతే మెకానిక్ కావాలంటే మళ్ళీ చండ్రుగొండకే రావాలి, రావడానికి కారు కావాలి. ఈ తిరకాసు రెండుసార్లు అనుభవించాక, పని నేర్చుకుంటానని చండ్రుగొండ మెకానిక్ షెడ్డులో కూర్చున్నాను. అతను ముందు సిగ్గుపడ్డాడు, తర్వాత ఓపికగా నేర్పాడు.

"అక్కా, నువ్వు సూదేసెటప్పుడు ముందు నరం దొర్కవట్టుకుంటవు గద. గిది గూడ గంతే. ఏడ నొస్తుందో చూడు. చూసినంకనే పానా వట్టు" అన్నాడు.

ఆ మాట మీదే ఇన్నేళ్ళూ కారు నడిపాను. ప్లగ్గులు తుడవడం, ఆయిల్ మార్చడం, ఫ్యాన్ బెల్టు, బ్రేకులు, ఆఖరికి సైలెన్సర్ ఊడితే తీగతో వేలాడగట్టడం దాకా అన్నీ నేనే. నిజం చెప్పాలంటే నాకు అందులో భలే సంతోషం ఉండేది. రోగికి మందిచ్చి పంపితే తగ్గిందో లేదో తెలియడానికి వారం పడుతుంది. కారు అయితే తాళం తిప్పగానే చెప్పేస్తుంది.

మా ఆయన తెలుగు పంతులు. బానెట్ ఎటువైపు తెరుచుకుంటుందో ఆయనకు ఈనాటికీ తెలియదు. ఆదివారాలు నేను కారు కింద ఉంటే ఆయన స్టూలు వేసుకుని టార్చి పట్టుకునేవాడు. ఆ టార్చి వెలుగు బోల్టు మీద తప్ప అన్నిటి మీదా పడేది, ముఖ్యంగా నా కళ్ళలో.

"ఇంత వయసొచ్చినంక ఇంకా కారు కింద దూరుడేంది? ఎవరన్న చూస్తే ఏమనుకుంటరు?"

"పంతులు పెళ్ళాం కనబడుతలేదు అనుకుంటరు. అడిగితే గీ కాళ్ళు చూపెట్టుండ్రి."

మాటలకేం గానీ, వయసు నిజంగానే వచ్చింది. కింద దూరడం సులువే, బయటికి రావడమే కష్టమైంది. మోకాళ్ళు ముందు ఒప్పుకోవు, తర్వాత నడుము ఒప్పుకోదు. ఆయన రెండు కాళ్ళు పట్టి లాగితే చాప మీద జారుకుంటూ బయటపడేదాన్ని. చేతుల్లో పట్టు తగ్గింది. బిగించిన నట్టు బిగిసిందో లేదో మునుపు వేళ్ళే చెప్పేవి, ఇప్పుడు వేళ్ళు కూడా అబద్ధాలు చెప్పడం మొదలుపెట్టాయి. ఇవన్నీ ఎవరికీ తెలియనివ్వలేదు. చిన్నాచితకా పనికి మెకానిక్ దగ్గరికి పోతే ఓడిపోయినట్టే అనిపించేది.

ఆ సంవత్సరమే మా ఆసుపత్రికి కొత్త డాక్టరుగారు వచ్చారు. మంచి కుర్రాడు, మా అందరి కంటే చిన్నవాడు, అందరి గురించీ దిగులుపడేవాడు. నా కారు చూసినప్పుడల్లా ఆ దిగులు ఇంకాస్త పెరిగేది. ఒకరోజు పిలిచి కూర్చోబెట్టాడు.

"అమ్మా, రిటైర్మెంట్‌కు దగ్గరున్నరు. గా పాత కార్ల అడవిలకు పోతుంటే నాకు నిద్రపడ్తలేదు. ఇంకొక్కసారి అది దారిల ఆగిందంటే మీ ఊర్లన్ని వేరేవాళ్ళకు రాసిస్త. మీరు ఈడనే ఫ్యాన్ కింద కూసోని రిపోర్టులు చూస్కోండ్రి."

"ఆగది సార్."

"ఆగితే?"

"ఆగితే మీరు చెప్పినట్టే."

నోరు జారి అనేశాను. ఫ్యాన్ కింద కూర్చోవడం శిక్షేమీ కాదు, చాలామంది దాని కోసం పైరవీలు చేస్తారు. కానీ నేను టీకా వేసిన ఆడపిల్లలు ఇప్పుడు తల్లులై తమ పిల్లల్ని నా ముందుకు తెస్తున్నారు. చివరి రోజు ఆ ఊళ్ళకే పోయి, వాళ్ళకు చెప్పి సెలవు తీసుకోవాలని నా కోరిక. కుర్చీలోంచి కాదు. నా సర్వీసులో నేను కావాలని అడిగింది అదొక్కటే, అదీ ఎవరినీ అడగలేదు, నాలో నేనే అనుకున్నాను.

ఇక ఎండలు ముదిరాయి, బీడీలు చుట్టే తునికాకు సీజన్ వచ్చింది. ఆ రోజుల్లో అడవి పల్లెల్లో పగలు మనిషి దొరకడు. తెల్లవారకముందే ఆడామగా ఆకు తెంపడానికి పోతారు. మధ్యాహ్నం దాకా తెంపి, చెట్ల నీడన కట్టలు కట్టి, సాయంత్రం కల్లానికి తెస్తారు. కల్లమంటే ఆ కట్టలు లెక్కపెట్టి ఎండబెట్టే మైదానం. ఊరంతా ఒకచోట కనిపించేది అక్కడే, అదీ పొద్దు గూకేలోపే. పిల్లల్ని ముసలమ్మలు ఎత్తుకొచ్చి అక్కడే తల్లులకు అందిస్తారు. అందుకని నేను టీకాలు కల్లం దగ్గరే వేసేదాన్ని. ఆసారి నేను పోవాల్సిన ఊరి నర్సమ్మ కాన్పు సెలవులో ఉంది కాబట్టి సూది వేయాల్సింది కూడా నేనే.

టీకాలకు బయలుదేరే ముందు రోజు కారు కింద నేల మీద తడి కనిపించింది. రేడియేటర్ అడుగు నుంచి ఇంజనుకు పోయే రబ్బరు గొట్టం దగ్గర నీరు కారుతోంది. గొట్టానికి వేసిన క్లిప్పు వదులై ఉంటుంది. సరిగా చూడాలంటే కింద పడుకోవాలి. మా ఆయన పేపర్లు దిద్దడానికి పోయాడు, కాళ్ళు లాగేవాళ్ళు లేరు. పక్కింటివాళ్ళను పిలవడానికి మనసు రాలేదు. పైనుంచే చెయ్యి పెట్టి, చూడకుండా, తడుముకుంటూ క్లిప్పు బిగించాను. తడి ఆగింది. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆ క్లిప్పు అంచు అరిగి పదునెక్కిందనీ, నేను బిగించిన కొద్దీ అది రబ్బరును కోస్తోందనీ నాకు తెలియదు. చూసినంకనే పానా పట్టమన్న గురువు మాట అక్కడే తప్పాను.

మర్నాడు టీకాల డబ్బాలో ఐస్ ప్యాకులు సర్ది, ఆశా కార్యకర్తను ఎక్కించుకుని బయలుదేరాను. ఆ అమ్మాయిది కల్లం ఉన్న ఊరే. ఎండిపోయిన వాగు దాటి ఎత్తు ఎక్కుతుండగా వేడి చూపించే ముల్లు చివరిదాకా పోయింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది. కారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

"అయిపాయె" అంది ఆశా అమ్మాయి. డాక్టరుగారి పందెం సంగతి ఆమెకు తెలుసు. ఆసుపత్రిలో అందరికీ తెలుసు.

"ఏం కాలే. డబ్బా దించి నీడల పెట్టు" అన్నాను, గొంతు గట్టిగానే వచ్చింది.

డబ్బా మామూలుగా చల్లదనాన్ని రోజంతా నిలుపుతుంది. మే నెల ఎండలో కారు పొయ్యిలా కాలుతుంటే మాత్రం దాన్ని నమ్మలేం. ఇంజను చల్లారేదాకా ముట్టుకోకూడదు, వేడి మీద నీళ్ళు పోస్తే పగులుతుంది. కూర్చుని ఎదురుచూడడం తప్ప పని లేదు. నడిచిపోదామంటే నా మోకాళ్ళకు ఆ దూరం సాగదు.

"డబ్బా నేను మోస్త మేడం" అంది ఆ అమ్మాయి.

"మోస్తవు, సూదెవరేస్తరు?"

ఆమె డబ్బా వైపు చూసి, "పోనీ, ఐసు ప్యాకులు గా రేడియేటర్ల ఏస్తే జల్దీ సల్లగైతదేమో" అంది. నేను చూసిన చూపుకు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఇంజను చల్లారాక తువాలు పరిచి పడుకుని కిందికి దూరాను. కళ్ళజోడు తలకిందులు చేసి పెట్టుకున్నాను. గొట్టం క్లిప్పు పక్కనే చీలి కనిపించింది. పనిముట్ల సంచిలో సైకిలు ట్యూబు ముక్క ఉంది, అది చుట్టి తీగతో కట్టాలి. అయితే సైలెన్సర్‌కు కట్టగా మిగిలిన తీగ బెత్తెడు కూడా లేదు. పోనీ ట్యూబునే ముడివేద్దామని చెయ్యి పైకెత్తితే భుజం అక్కడిదాకా లేవలేదు. ఇంకొంచెం జరిగాను. అప్పుడు ఇటూ రాలేక, అటూ పోలేక ఇరుక్కుపోయాను. ఆశా అమ్మాయి నీళ్ళు చూడడానికి వాగులోకి పోయింది.

అదే సమయానికి ఆకు కట్టలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్ళు కొందరు ఆ దారిన వచ్చారు. వాళ్ళకు కనిపించింది ఒక కారు, దాని కింద రెండు కాళ్ళు. వాళ్ళ కోయ భాషలో ఒక్కసారిగా కేకలు లేచాయి. నేను కాళ్ళు ఆడించాను. కేకలు ఇంకా పెరిగాయి. చివరికి ఒక ముసలమ్మ వంగి చూసింది. ఆ ఊళ్ళో పిల్లల్ని నా దగ్గరికి పట్టుకొచ్చేది ఆ అవ్వే. తలకిందుల కళ్ళజోడులో నా ముఖం చూసి నేల మీదే కూలబడి నవ్వింది.

"ఏంది సూది మేడం, కల్లం కాడికి రాకముందె పండుకున్నవు?"

"పండుకోలే అవ్వా, ఇరుక్కున్న. లాగుండ్రి."

నలుగురూ కలిసి లాగారు. మా ఆయన కంటే నున్నగా లాగారని ఒప్పుకోవాలి. బయటపడి దుమ్ము దులుపుకుంటూ జరిగింది చెప్పాను. ఎందుకో పందెం సంగతి కూడా చెప్పేశాను. చెబుతుంటే ఏడుపు వచ్చింది. కారు ఆగినందుకు కాదు. ఇన్నేళ్ళూ చేసిన పని చెయ్యి చాపితే అందలేదు, అందుకు. అవ్వ టీకాల డబ్బా దగ్గరికి పోయి, ఒక గోనెసంచి తడిపి దాని మీద కప్పమని, వాగు నుంచి తిరిగొచ్చిన ఆశా అమ్మాయికి చెప్పి, తిరిగి వచ్చింది.

"తీగ లేకుంటె నార లేదా?" అంది.

ఆకు కట్టలు కట్టడానికి వాళ్ళ కొంగుల్లో ఎప్పుడూ నార ఉంటుంది. చెట్టు బెరడు నుంచి తీసింది, పొద్దంతా వాళ్ళ వేళ్ళు చేసేది ఆ నారతో ముడులు వేయడమే. నేను అనుమానంగా చూశాను. రేడియేటర్ గొట్టానికి నార కట్టిన వాళ్ళను నేను చూడలేదు, మా గురువు కూడా చూసి ఉండడు. కానీ వేరే దారేముంది? వాళ్ళలో సన్నగా ఉన్న ఒక తల్లి కారు కిందికి చేపలా జారిపోయింది. నేను బానెట్ వైపు నుంచి వంగి చెప్పడం మొదలుపెట్టాను.

"ట్యూబు ముందు చీలిక మీద పెట్టు. గట్టిగ సాగదీసి సుట్టు. అట్ల కాదు, ఇటుదిక్కు. ముడి పక్కకు రావాలె. ఇంకొంచెం..."

కింది నుంచి గొంతు వచ్చింది. "మేడం, నువ్వు జెర సేపు మాట్లాడకు. నన్ను కట్టనియ్."

అవ్వ మళ్ళీ నవ్వింది. "పానాలు పట్టెటోళ్ళకు నోరు ఆగదు" అని, కిందికి వంగి కేకేసింది. "నార తడిపి కట్టే! ఎండినంక ఇంకింత బిగుస్తది."

మాట్లాడకుండా నిలబడడం నాకు ఆ రోజు అన్నిటికంటే కష్టమైంది. చేతులు వెనక్కి కట్టుకున్నాను. ట్యూబు మీద వరుసలు వరుసలుగా నార పడింది, మధ్యలో ఆ తల్లి చిన్న పుల్ల పెట్టి మెలి తిప్పింది. నేను కళ్ళతో చూశాను, ఈసారి తడమలేదు. కట్టు చక్కగా ఉంది. నా చేతులు కుదురుగా ఉన్న రోజుల్లో కూడా అంత అందంగా కట్టేదాన్ని కాదేమో.

వాగు ఇసుకలో తవ్విన చెలిమ నుంచి సొరకాయ బుర్రల్లో నీళ్ళు తెచ్చారు. బుర్ర సన్నటి మెడ రేడియేటర్ మూతిలో సరిగ్గా పట్టింది, చుక్క కింద పోలేదు. మూతను పూర్తిగా బిగించకుండా వదులుగా పెట్టాను. లోపల ఆవిరి ఒత్తిడి పెరిగితే ఆ కట్టు నిలవదని నాకు తెలుసు. అంతవరకు నా విద్య పనికొచ్చింది.

నా కోసం ఆగి వాళ్ళు ఆలస్యమయ్యారు. పొద్దు గూకితే కల్లంలో కట్టలు తీసుకోరు. అందుకని కట్టలన్నీ కారు మీదా, వెనక సీటులోనూ వేయించాను. టీకాల డబ్బాను ఆశా అమ్మాయి ఒళ్ళో పెట్టుకుంది. తాళం తిప్పాను, కారు వెంటనే అందుకుంది. నడకను మించకుండా నడిపాను. ఇరువైపులా బుర్రలు పట్టుకుని ఆడవాళ్ళు, ముందు దారి చూపిస్తూ అవ్వ. ముల్లు లేచినప్పుడల్లా ఆపి నీళ్ళు పట్టేవాళ్ళు. కల్లం చేరేసరికి పిల్లలు ఎదురొచ్చి కారు వెంట పడ్డారు, నా పెళ్ళి ఊరేగింపుకు కూడా అంత సందడి లేదు. డబ్బా తెరిచి చూస్తే ఐస్ ప్యాకులు ఇంకా గడ్డగానే ఉన్నాయి. పొద్దు గూకేలోపు కట్టలన్నీ కల్లంలో చేరాయి, పిల్లలందరికీ టీకాలు పడ్డాయి. కారు కిందికి దూరిన తల్లి తన పిల్లను ముందుగా తెచ్చి, "ఇప్పుడు నీ పని, నేను మాట్లాడ" అంది.

అడవిలో సెల్‌కు సిగ్నల్ దొరకదు గానీ వార్తలకు ఏ అడ్డూ లేదు. కొద్ది రోజుల తర్వాత డాక్టరుగారు మలేరియా పరీక్షలకు అదే కల్లానికి వచ్చారు, నేనూ వెంట ఉన్నాను. కారుకు నార కట్టారట అన్న మాట అప్పటికే ఆయన చెవిన పడింది. నన్ను అడగలేదు. అడిగితే నేను అబద్ధం ఆడేదాన్ని కాదు, అది ఆయనకూ తెలుసు. రక్తం ఇవ్వడానికి కూర్చున్న అవ్వను అడిగారు.

"అవ్వా, మా మేడం కారు దారిల ఆగిందంట గద?"

అవ్వ వేలు చాపి, సూది గుచ్చుకున్నా కదలకుండా, ఆయన ముఖంలోకి చూసింది.

"ఆగలే సారూ. మేమే ఆపినం. ఎండల పోతుంటె నీళ్ళు తాపి పంపినం."

చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా అవునవునని తలలూపారు. కారు కిందికి దూరిన తల్లి అందరి కంటే గట్టిగా ఊపింది. డాక్టరుగారు నా వైపు చూశారు, పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకున్నారు.

"మంచిది. నీళ్ళు తాపుడు మంచిదే" అని తర్వాతి వేలు అందుకున్నారు.

నా ఊళ్ళు రిటైరయ్యేదాకా నాతోనే ఉన్నాయి. చివరి రోజు అక్కడికి పోతే అవ్వ శాలువా కప్పలేదు, నారచుట్ట ఒకటి ఇచ్చింది. అప్పటికే గొట్టం మార్పించాను. పాత గొట్టం మీది కట్టు విప్పడానికి చండ్రుగొండ మెకానిక్‌కు కత్తి కావాల్సి వచ్చింది.

కారు ఇప్పటికీ ఉంది, పనులు ఇప్పటికీ నేనే చేసుకుంటాను. మారింది ఒక్కటే, చెయ్యి అందనిచోట ఎవరినైనా పిలుస్తాను, ఇప్పుడు నామోషీ లేదు. పని చేయడం నేర్చుకోవడానికి నాకెంతో కాలం పడితే, పిలవడం నేర్చుకోవడానికి అంతకంటే ఎక్కువ పట్టింది. మీరు ఇంకాస్త ముందుగా నేర్చుకోండి. మొన్న ఆదివారం వాకిట్లో బానెట్ ఎత్తి, కూరగాయల బండి అమ్మాయి చేత లోపలి నట్టు ఒకటి బిగింపించుకుంటున్నాను. మా ఆయన స్టూలు మీద కూర్చుని ఆమె కళ్ళలోకి టార్చి వేస్తున్నాడు. దారిన పోయే పెద్దాయన ఒకాయన నిలబడి జాలిగా అడిగాడు.

"ఏమమ్మా, కారు ఆగిపోయిందా?"

"ఆగలేదండీ" అన్నాను. "మేమే ఆపినం."